ఇంజను శ్రుతి: ఒక పుస్తకపు వేట

ఇంజనుకు శ్రుతి చేయుట అను మాట వినినచో కొందరు శ్రోతలకు నవ్వు రావచ్చును. వీణకు శ్రుతి కలదు, తంబురాకు శ్రుతి కలదు. ఈ ప్రసంగము వినుటకై మీరు రేడియో మీట త్రిప్పి గరగరలు పోగొట్టుకొన్నారు గదా, అదియు నొక విధమైన శ్రుతియే. మోటారు ఇంజనుకు శ్రుతి యేమి? అయితే ఆంగ్లేయులు ఈ మూడింటికిని ‘ట్యూనింగు’ అను ఒక్క మాటనే వాడుదురు. మన మెకానిక్కులును ఆ మాటనే తీసికొని తమదిగా చేసికొన్నారు. పని స్వభావము చూచినచో మాట తప్పు కాదు.

సిలిండరులోనికి గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి వచ్చును. పిస్టను ఆ మిశ్రమమును నొక్కి పట్టును. సరియైన క్షణమున ప్లగ్గు కొసను నిప్పురవ్వ పుట్టును. మిశ్రమము మండి పిస్టనును క్రిందికి త్రోయును. ఎంత పెట్రోలుకు ఎంత గాలి, రవ్వ ఏ క్షణమున, వాల్వులకు ఎంత సందు, ఈ లెక్కలు ఒకదానితో నొకటి పొందిక కలిగి యున్నపుడు ఇంజను సమముగా పలుకును. ఒకటి తప్పినను బండి నడచును. నడచుటయే చిక్కు. ఆగిపోయిన బండిని ఎవరైనను బాగుచేయింతురు. నడచుచునే పెట్రోలు ఎక్కువ త్రాగు బండిని, ఎత్తు ఎక్కునపుడు కటకటలాడు బండిని యజమాని ‘ముసలిదైపోయినది’ అని సరిపెట్టుకొనును.

నా కారు నిజముగనే ముసలిది. మా తండ్రిగారు 1967లో కొనిన అంబాసిడరు. డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియుండి కారు తెచ్చుకొనిన దినములవి. దీని పుట్టుకను గురించి రెండు మాటలు చెప్పవలెను. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ వరుస కారును మాతృకగా తీసికొని, కలకత్తా దగ్గర ఉత్తరపాడా కర్మాగారములో హిందుస్థాన్ మోటార్సువారు 1957లో అంబాసిడరును ఆరంభించిరి. 1959లో దానికి బ్రిటిష్ మోటారు కార్పొరేషనువారి ‘బి’ వర్గపు ఇంజను వచ్చినది. నాలుగు సిలిండర్లు, 1489 ఘన సెంటీమీటర్లు. ఇదే వర్గమునకు చెందిన ఇదే పరిమాణపు ఇంజనును, రెండు కార్బురేటర్లు తగిలించి, 1955లో వెలువడిన ఎం.జి.ఎ. అను స్పోర్ట్సు కారులో అమర్చిరి. మన యూళ్ళలో పెండ్లివారిని మోసిన ఇంజనును, అచ్చట కుర్రకారు పందెములకు తోలిన ఇంజనును తోబుట్టువులన్నమాట. అందుచేత అచ్చటివారు తమ బండ్లకై వ్రాసికొనిన గ్రంథములు మన షెడ్లలో కూడ చెల్లినవి. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. కారు తయారీ ఆగిన తరువాత మెకానిక్కు మిగులును, మెకానిక్కు తరువాత పుస్తకము మిగులునని మనము అనుకొందుము. నా అనుభవములో పుస్తకమే ముందు పోయినది.

ఈ కారును నలువది ఏండ్లకు పైగా చూచుచున్న మేస్త్రిగారు బందరులో నున్నారు. వారి పద్ధతి చిత్రముగా నుండెడిది. బండి షెడ్డులోనికి వచ్చుచుండగనే, తలుపు తీయకముందే, ‘మూడో ప్లగ్గు చూడండిరా’ అని కుర్రవాండ్రకు చెప్పెడివారు. పెద్ద స్క్రూడ్రైవరు కొనను ఇంజనుపై ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, వైద్యుడు రోగి రొమ్ము విన్నట్లు వినెడివారు. పరికరములు లేక కాదు. వాటి అవసరము వారికి కలుగలేదు.

రెండేండ్ల క్రిందట నేను వెళ్ళినపుడు వారు తలుపు తీయువరకు ఊరకుండిరి. తరువాత నన్ను ప్రక్కకు పిలిచి, “మాస్టారూ, కుడిచెవి పూర్తిగా పోయిందండీ. ఎడమచెవిలో మగవాళ్ళ గొంతు కొద్దిగా పడుతుంది. టాపెట్ల చప్పుడు మాత్రం బొత్తిగా పడటం లేదు” అనిరి. వయసు మీరినపుడు సన్నని చప్పుళ్ళు, అనగా ఆడపిల్లల గొంతు, గడియారపు టిక్కుటిక్కు, వాల్వుల చిటపట, ముందుగా పోవును. మేస్త్రిగారి విద్య అంతయు ఆ సన్నని చప్పుళ్ళలోనే యున్నది.

వారి మనుమరాలు పాలిటెక్నిక్కులో డిప్లొమా ముగించి షెడ్డులోనికి వచ్చినది. కొడుకులు వేరు ఉద్యోగములలో నున్నారు. ఈ పిల్లకే చేయి తిరిగినది. “దీనికి నేర్పుదామంటే, అది చేసింది తప్పో ఒప్పో నాకు వినబడదు. ఎట్లా నేర్పేది? మా గురువుగారి పుస్తకం ఉంటే ఈ బాధ ఉండేది కాదు. అది ఎక్కడన్నా దొరుకుతుందేమో చూస్తారా?” అని అడిగిరి. ఇంతకాలము నన్ను వారు ఏమియు అడిగి యెరుగరు.

ఆ పుస్తకపు కథ ఇది. మేస్త్రిగారి గురువుగారికి ఇంగ్లీషు రాదు. ఎవరో కారు యజమాని ఆయనకు ఒక ఇంగ్లీషు పుస్తకము ఇచ్చి పోయెను. ఆ వీధిలోని బడిపంతులు ఒకరు సాయంకాలములందు వచ్చి బల్లపై కూర్చుండి ఒక్కొక్క పుట చదివి అర్థము చెప్పెడివారట. పంతులుగారికి ఇంజను తెలియదు. గురువుగారికి భాష తెలియదు. ఇద్దరును కలిసి ఒక వాక్యమునకు గంటసేపు కూర్చుండిన రాత్రులు కలవట. తేలిన అర్థమును పంతులుగారు పెన్సిలుతో అంచుమీద తెలుగులో వ్రాసెడివారు. అప్పటికి పదునాలుగేండ్ల బాలుడైన మన మేస్త్రిగారు లాంతరు పట్టుకొని నిలుచుండెడివారు. 1977 నవంబరు 19వ తేదీ తుపానులో షెడ్డు కప్పు లేచిపోయినది. బీరువా పడినది. బంకమట్టిలో నుండి స్పానర్లు దొరకినవి, పుస్తకము దొరకలేదు. ఆ తుపానులో మనుష్యులే వేలకొలది పోయిరి. పుస్తకము పోయినదని ఎవరితో చెప్పుకొందురు?

పేరేమి అని అడిగితిని. మొదటి పుటలు మునుపే ఊడిపోయినవట. రచయిత ‘స్మిత్తు’ అట. ఇంగ్లండులో స్మిత్తు అని వెదకుట మన దేశములో సుబ్బారావు అని వెదకుట వంటిది. ఇంకేమైన గుర్తున్నదా అనగా చాలసేపు ఆలోచించి, “పేరులో ట్యూనింగు అనే మాట రెండుసార్లు వచ్చేదండీ. పంతులుగారు దాన్ని చూసి నవ్వేవారు” అనిరి.

ఆ పంతులుగారి నవ్వే నాకు దారి చూపినది. ఫిలిప్ హెచ్. స్మిత్ అను ఇంజనీరు మోటారు ఇంజనులపై పెక్కు గ్రంథములు వ్రాసెను. పందెపు ఇంజనుల నిర్మాణమును, శ్రుతిని గురించి ఆయన వ్రాసిన పెద్ద గ్రంథము 1954లో వచ్చినది. అదిగాక ‘ట్యూనింగ్ ఫర్ స్పీడ్ అండ్ ట్యూనింగ్ ఫర్ ఎకానమీ’ అని మరియొకటి కలదు. జి. టి. ఫౌలిస్ అను ప్రచురణకర్తలు వేసినది. అనగా వేగమునకు శ్రుతి, పొదుపునకు శ్రుతి. మాట రెండుసార్లు వచ్చినది. ఇదియే యని నిశ్చయించుకొంటిని.

వేగమును పొదుపును ఒకే అట్టలో బిగించుట నేటివారికి విడ్డూరముగా తోచవచ్చును. ఆ దేశపు స్థితి తలచుకొన్నచో విడ్డూరము కాదు. యుద్ధము మొదలైన 1939 నుండి 1950 వరకు బ్రిటనులో పెట్రోలుకు రేషను. సూయజు కాలువ గొడవ వచ్చి 1956 డిసెంబరు నుండి 1957 మే వరకు మరల రేషను. పందెమునకు పోవలెనని కోరిక గలవానికి కూడ సీసాలో నెంత మిగిలినదో చూచుకొనక తప్పదు. బందరు గురువుగారికి వేగముతో పని లేదు. రెండవ సగముకొరకే ఆయన పుస్తకము తెరచెను.

పేరు తెలిసినంత మాత్రమున పుస్తకము దొరకునా? ఆదివారము హైదరాబాదు అబిడ్సులో, దుకాణములు మూసియుండగా వాటి ముందు కాలిబాటపై పాత పుస్తకములు పరచుదురు. నాలుగు ఆదివారములు అచ్చట తిరిగితిని. ఇంజనీరింగు పుస్తకములకు కొరత లేదు. పరీక్షలకు పనికివచ్చునవి పైన, పనికిరానివి అడుగున. “పాత మోటారు పుస్తకాలు ఎవరు కొంటారు సార్? అవి వస్తే మేమే తీసుకోం” అని ఒక వ్యాపారి ఉన్నమాట చెప్పెను. చెన్నపట్టణములో మూర్ మార్కెట్టు ఉండిన దినములలో అట్టివి దొరకెడివని పెద్దలందురు. 1985లో ఆ మార్కెట్టు అగ్నికి ఆహుతియైనది. పాత బండ్ల భాగములకు పేరుపొందిన పుదుపేట వీధులలో కూడ అడిగితిని. ఎచ్చటెచ్చటివో గేరుపెట్టెలు, హెడ్లు కొండలుగా పోసియున్నవి. పుస్తకమనగానే వారు నన్ను జాలిగా చూచిరి.

గ్రంథాలయములను గురించి నా మనసులోని మాట చెప్పుదును. 1918లో స్థాపించిన వేటపాలెము సారస్వత నికేతనము వంటి చోట్ల తొంబది, నూరేండ్ల నాటి పత్రికలు కూడ చెక్కు చెదరక యున్నవి. వాటిని దాచినవారికి మ్రొక్కవలెను. కాని కావ్యమును దాచిన చేయి కార్బురేటరు పుస్తకమును దాచదు. అది గ్రంథాలయమునకు రాదు. వచ్చినను ‘పాతబడినది’ అని ముందుగా తీసివేయుదురు. పనివాని యొద్ద నున్న ప్రతి నూనెలో నాని, పుటలూడి, పనిలోనే అరిగిపోవును. ఎక్కువ ఉపయోగపడిన పుస్తకమే తక్కువ మిగులుట ఈ జాతి గ్రంథముల దురదృష్టము.

తుదకు అంతర్జాలము ద్వారా ఇంగ్లండులోని ఒక పాత పుస్తకముల వర్తకునకు డబ్బు పంపితిని. ఇరువది దినములకు కట్ట వచ్చినది. ఆత్రముతో బందరుకు తీసికొనిపోయి మేస్త్రిగారి చేతిలో పెట్టితిని. వారు కళ్ళజోడు సవరించుకొని నాలుగు బొమ్మలు చూచి, నవ్వు ఆపుకొనుచు, “మాస్టారూ, ఇది రెండు చక్రాలదండీ” అనిరి.

తప్పు నాదే. పేరులో ముందు సగము మాత్రము చూచి తొందరపడితిని. ‘ట్యూనింగ్ ఫర్ స్పీడ్’ అని 1948లో వెలువడిన మరియొక పుస్తకము కలదు. అది మోటారుసైకిళ్ళది. దాని కర్త ఫిల్ ఇర్వింగ్ అను ఆస్ట్రేలియా దేశీయుడు. వింసెంటు మోటారుసైకిళ్ళ రూపకర్తలలో ఒకడు. 1966లో జాక్ బ్రాభమునకు ప్రపంచ విజేత పదవి తెచ్చిపెట్టిన రెప్కో ఇంజనును రూపొందించినవాడు ఆయనయే. నేటి పుస్తకములకు వెనుక అట్టపై సంఖ్య యుండును, దానితో వెదకినచో పొరపాటు రాదు. ఆ సంఖ్యల పద్ధతి 1960ల దశకము చివర గాని పుట్టలేదు. అంతకు ముందటి పుస్తకములకు పేరు, కర్త, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరము, ఈ నాలుగును కలిపి చూడవలెను. నావలె వెదకు శ్రోతలెవరైన ఉన్నచో ఈ సంగతి గుర్తుంచుకొనుడు. ఒక తపాలా ఖర్చు మిగులును. పోయిన డబ్బు వ్యర్థము కాలేదు. మనుమరాలు ఆ పుస్తకమును ఇంటికి తీసికొనిపోయి మొదటినుండి చివరివరకు చదివినది. నేను చదువలేదు.

అసలు పుస్తకము దొరకిన తీరు వేరు. చెన్నపట్టణమునకు ఉత్తరముగా షోళవరమున యుద్ధకాలపు విమానాశ్రయపు బాట యొకటి ఉండెడిది. 1950ల దశకము మొదలుకొని చాలకాలము అచ్చట మోటారు పందెములు జరిగినవి. ఎం.జి.లు, హెరాల్డులు, ఫియటులు, చివరకు మన అంబాసిడర్లు కూడ శ్రుతి చేయించుకొని అచ్చట పరుగెత్తినవి. పందెమున్నచోట పుస్తకములుండును గదా యని తోచి, ఆ దినములెరిగినవారిని విచారించుచు పోగా, తమ యౌవనమున షోళవరములో బండ్లు సిద్ధపరచిన ఒక పెద్దమనిషి దొరకిరి. వారి పేరు చెప్పుటకు నాకు అనుమతి లేదు. పుస్తకము కలదా అని అడుగగా, “కలదు. అమ్మను. ఎరువివ్వను. మా ఇంటి గడప దాటనివ్వను” అనిరి.

ఎరువిచ్చి పోగొట్టుకొనిన పుస్తకముల జాబితా వారి యొద్ద ఒక చిన్న నోటుబుక్కులో నున్నది, తీసికొనినవారి పేర్లతో సహా. చూచిన తరువాత నాకు మారు మాట రాలేదు. ఫోటో ప్రతి తీసికొందుమా యనగా, వెన్ను పగిలినది, యంత్రముపై బోర్లించి నొక్కినచో పుటలు రాలునని కాదనిరి. అచ్చులో లేని పుస్తకమన్నంత మాత్రమున హక్కులు లేని పుస్తకము కాదని కూడ గుర్తుచేసిరి. అదియు నిజమే. మన చట్టము ప్రకారము రచయిత మరణించిన తరువాత అరువది ఏండ్ల వరకు హక్కు ఉండును. సొంత చదువుకు కొన్ని పుటలు వ్రాసికొనుటకు మాత్రము అడ్డు లేదు. “వచ్చి కూర్చుండి వ్రాసికొనుడు, భోజనము మా ఇంట” అనిరి.

మేస్త్రిగారిని, మనుమరాలిని వెంటబెట్టుకొని బెజవాడ మీదుగా చెన్నపట్టణము పోయితిని. మూడు దినములు ఆ ఇంటి వరండాలో కూర్చుంటిమి. నేను చదివి చెప్పుదునన్న మేస్త్రిగారికి వినబడదు. కావున ఒక పలక, బలపము కొనితిమి. నేను పలకపై తెలుగులో పెద్ద అక్షరములతో భావము వ్రాసి చూపుట, వారు తల యూపుట, ఆ పిల్ల నోటుబుక్కులో ఎక్కించుట. యాబది యేండ్ల క్రింద బందరులో పంతులుగారు చేసిన పనియే నాకు వచ్చినది. లాంతరు పట్టుకొనిన బాలుడు ఇప్పుడు బల్లకు ఆవలి వైపున నున్నాడు.

మొదటి దినము మధ్యాహ్నము ఒక విశేషము జరిగినది. కార్బురేటరు బొమ్మ గల ఒక పుట వచ్చినపుడు మేస్త్రిగారు చేయి అడ్డుపెట్టి ఆపిరి. ఖాళీగా నున్న అంచును వ్రేలితో చూపుచు, “ఇక్కడ పంతులుగారు రాశారు” అనిరి. ఏమి వ్రాసిరో చెప్పిరి. ఆ పిల్ల బలపము విడిచి కలము తీసికొన్నది. అప్పటినుండి మాకు అచ్చైన భాగము కంటె అంచులే ముఖ్యమైనవి. పుట చూడగానే వారికి పెన్సిలు వ్రాత కనబడుచుండెను. ఇంటివారు కూడ తమ పని మానుకొని వచ్చి కూర్చుండిరి.

అందులో కొన్ని మీకు చెప్పుదును. ఈ ఇంజనుకు వాల్వులు ఎనిమిది. ఒకటి పూర్తిగా మూసియున్నపుడే దాని సందు కొలువవలెను. ఏది ఎప్పుడు మూసియున్నదో తెలియుట ఎట్లు? ముందునుండి వరుసగా ఒకటి, రెండు అని లెక్కపెట్టుకొని, ఎనిమిదవది పూర్తిగా తెరచియున్నపుడు మొదటిది, ఆరవది తెరచియున్నపుడు మూడవది, నాలుగవది తెరచియున్నపుడు అయిదవది కొలువవలెను. ఎప్పుడును రెండింటి మొత్తము తొమ్మిది. ‘తొమ్మిది తప్పితే తిండి తప్పుతుంది’ అని పంతులుగారు అంచున వ్రాసిరట. సందు అంగుళములో వేయింట పదునైదు వంతులు; మేస్త్రీలు ‘పదిహేను థౌ’ అందురు. రేకు దూర్చి చూచినపుడు అది వదులుగా జారక, బిగిసి పట్టక, వెన్నలో కత్తివలె పోవలెను. చప్పుడు చేయుచున్నదని యజమాని గొడవపెట్టగా సందు తగ్గించిన మెకానిక్కు, ఇంజను వేడెక్కినపుడు వాల్వు పూర్తిగా మూసికొనక అంచు కాలిపోవుటకు కారకుడగును. చప్పుడు వద్దనునది యజమాని. క్రొత్త వాల్వుకు డబ్బు కట్టునదియు యజమానియే.

ఎస్.యు. కార్బురేటరు సంగతి ఇంకను చక్కనిది. స్కిన్నరు సోదరుల పేరున వెలసిన యంత్రమది. దానిలో ఒక చిన్న పిస్టను గాలి రాకను బట్టి తనంతట తాను లేచుచు దిగుచు నుండును. దానికి వ్రేలాడు సూది ఒక రంధ్రములో ఆడును. సూది కొస సన్నన, మొదలు లావు. కనుక పిస్టను ఎంత లేచినచో అంత పెట్రోలు. మిశ్రమము సరిగా నున్నదో లేదో చూచుటకు ఇంజను నడచుచుండగా ఆ పిస్టనును వెంట్రుకవాసి, అనగా అంగుళములో ముప్పది రెండవ వంతు, పైకెత్తవలెను. ఇంజను వేగము హెచ్చి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువ. తొట్రుపడి ఆగబోయినచో తక్కువ. క్షణకాలము కొద్దిగా హెచ్చి మరల సర్దుకొన్నచో సరి. దిద్దుటకు అడుగున ఆరు ముఖముల మర కలదు. ఒక్కొక్క ముఖముగా మాత్రమే త్రిప్పవలెను, పైకి త్రిప్పిన తగ్గును, క్రిందికి త్రిప్పిన హెచ్చును. ఇది వినుటకు సులభము. ఆ ‘క్షణకాలము కొద్దిగా’ అనునది గుర్తుపట్టుటకు చెవి కావలెను.

మూడవ దినమున ఆ పిల్ల ఒక ప్రశ్న వేసినది. “ఇందులో ఉన్న అంకెలు అప్పటి పెట్రోలుకు కదా సార్, ఇప్పటి పెట్రోలుకు చెల్లుతాయా?” నేను ఇంటివారి వైపు చూచితిని, వారు నా వైపు చూచిరి. చెల్లవు. ఆ కాలపు పెట్రోలులో సీసము కలిపెడివారు. అది మిశ్రమము విరుచుకొని పేలకుండ ఆపుటయే గాక, వాల్వు కూర్చుండు పీటకు మెత్తని పూతవలె కాపుగా నుండెడిది. దాని విషము మనుష్యులకు, ముఖ్యముగా బాలురకు, హానికరమని మన దేశమంతట 2000 ఫిబ్రవరి నుండి మాన్పించిరి. మంచి పనియే, కాని ఇనుప హెడ్డుగల పాత ఇంజనులలో వాల్వు పీటలు అరుగుట ఎక్కువైనది, సందు తరచుగా కొలువవలసి వచ్చుచున్నది. ఇప్పుడు ఇథనాలు కలిసినది. పెట్రోలు బంకులలో నూటికి ఇరువది పాళ్ళ వరకు వచ్చినది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో 14.7 పాళ్ళ గాలి కావలెను. ఇథనాలుకు 9 పాళ్ళు చాలును. కనుక పాత కొలత ప్రకారము పెట్టిన కార్బురేటరులో నేటి ఇంధనము పలుచనగును. పాత రబ్బరు గొట్టములు, గాస్కెట్లు దానికి ఉబ్బి చెడును. ఈ సంగతులు స్మిత్తుగారికి తెలియవు, పంతులుగారికి తెలియవు, మేస్త్రిగారు చెవితోనే సర్దుకొనుచు వచ్చినందున వారికి అంకెలుగా తెలియవు.

ఆ పిల్ల నోటుబుక్కులో కుడివైపు పుటలన్నియు ఖాళీగా ఉంచినది. ఎందుకని నేను అడుగలేదు.

బందరు చేరిన మరునాడు ఉదయమున నా అంబాసిడరునే షెడ్డులో నిలిపిరి. ముందు వాల్వులు కొలిచిరి, తొమ్మిది లెక్క ప్రకారము. తరువాత పాయింట్లు, ప్లగ్గులు. ఇంజను వేడెక్కువరకు నడిపి, ఆ పిల్ల కార్బురేటరు అడుగున నున్న చిన్న మేకును వ్రేలితో ఎత్తినది. ఇంజను దగ్గినట్లై ఆగబోయినది. తాతగారికి వినబడలేదు, ఆమె పలకపై ‘తక్కువ’ అని వ్రాసి చూపినది. మరను ఒక ముఖము క్రిందికి త్రిప్పినది. మరల ఎత్తినది. ఈసారి అంతగా తొట్రుపడలేదు. చాలునని నాకు తోచినది. ఆమెకును చాలునని తోచినట్లున్నది, పలక తుడిచి ‘సరి’ అని వ్రాసినది.

మేస్త్రిగారు పలక చూడలేదు. ఇంజను పైమూతపై అరచేయి చదునుగా ఆనించి కన్నులు మూసికొని నిలుచుండిరి. కొంతసేపటికి, “ఇంకో ముఖం తిప్పు” అనిరి.

ఆమె నా వైపు చూచి, మరల వంగి మర త్రిప్పినది. మేకు ఎత్తినది. ఇంజను ఒక్క క్షణము లేచి, సర్దుకొని, మునుపటివలె నడచినది. ఆమె తాతగారి చేతి ప్రక్కన తన అరచేయి కూడ మూతపై పెట్టి, చాలసేపు తీయలేదు. తరువాత చేతులు తుడుచుకొని నోటుబుక్కు తెరచి, కార్బురేటరు పుటకు ఎదురుగా నున్న ఖాళీ పుటలో తేదీ వేసి, ‘ఇథనాలు నూటికి ఇరవై. పుస్తకం కంటే రెండు ముఖాలు కిందికి. తాతయ్య చెయ్యి పెట్టి చెప్పాడు’ అని వ్రాసికొన్నది.